మూడో చిలకకు కన్ను లేదు

బుచ్చిలింగం మేస్త్రి తన అరవై రెండేళ్ళ జీవితంలో నోరు జారింది ఒక్కసారే. ఏ అబద్ధమో ఆడి ఉంటే గొడవ ఉండేది కాదు. నిజం చెప్పాడు. అదీ ఒక ఆఫీసరుకి.

రేవులవరం షావుకార్ల వీధిలో పాత ఇళ్ళన్నిటికీ గార బొమ్మలున్నాయి. అరుగుల మీది స్తంభాలకు లతలు, గుమ్మాల పైన సింహాలు, చూరు కింద వరసగా చిలకలు. గానుగలా తిప్పే డంగులో నూరిన సున్నానికి బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం పట్టించి, ఆ ముద్దను గోడకు వేసి, ఆరేలోగా చిన్న తాపీతో తీర్చినవి. వాటిలో సగం బుచ్చిలింగం తాత చేతివే. అవి ఉబ్బినా, ఊడినా బాగుచేయడానికి ఊళ్ళో మిగిలింది బుచ్చిలింగం ఒక్కడే. తక్కిన మేస్త్రులందరూ సిమెంటుకు మళ్ళిపోయారు. సిమెంటు పని తప్పని అతను ఏనాడూ అనలేదు. సిమెంటుతో చేసిన చిలక కాకిలా చూస్తుందని మాత్రం అనేవాడు.

ఆ వీధిలో మాణిక్యాంబగారు తన ఇంటి ముందు హాల్లో పాతికేళ్ళుగా భోజన హోటలు నడుపుతోంది. పూటకు నలభై విస్తళ్ళు లేస్తాయి. వీధివైపు గోడ పైభాగాన రెండు సింహాలు, వాటి మధ్య అయిదు చిలకలు. ఆ ఎండాకాలం సింహాల కింద గోడ పొట్ట ఉబ్బింది. బుచ్చిలింగం వచ్చి వేలితో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"డొల్లగా ఉందమ్మా. గార ఊడదీసి కొత్తది ఎయ్యాల. లోపలంతా మట్టి అడుసుతో కట్టిన ఇటిక. పైన గార ఉన్నన్నాళ్ళే అది గోడ. గార లేకుండా నాలుగు వానలు తగిలాయంటే నేలకొచ్చేత్తది."

"మృగశిర కార్తెలోపు అయిపోతుందా మేస్త్రీ? వానలో నా పొయ్యి తడిస్తే ఈ ఊళ్ళో సగం మంది బ్రహ్మచారులు పస్తులుంటారు," అంది మాణిక్యాంబ.

"ఆయ్, అయిపోద్ది. నాదీ మాట."

సున్నం నానబెట్టాడు. డంగు తిప్పించాడు. ఉబ్బిన గార ఆరడుగుల పొడవున, నాలుగడుగుల ఎత్తున ఊడదీశాడు. ఇటుకలు బయటపడ్డాయి. సరిగ్గా ఆ రోజే ప్రాచీన గార శిల్ప సంరక్షణ మండలి వారు వీధిలో జీపు దిగారు.

మండలి కొత్తగా పుట్టింది. దాని డైరెక్టరు పరాంకుశంగారు పుట్టిన బిడ్డ మీద ఉండేంత మమకారంతో దాన్ని పెంచుతున్నారు. ఆయన తలెత్తి చిలకలను చాలాసేపు చూసి, "మూడో చిలకకు కన్ను లేదు. ఎప్పుడు పాడైంది?" అని అడిగారు.

"పాడవలేదండి. మా తాతే పెట్టకుండా ఒగ్గేశాడు," అన్నాడు బుచ్చిలింగం.

"ఎందుకని?"

ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు పెద్దలు. బుచ్చిలింగం తల నిండా జుట్టుంది, పైగా ఊరుకోలేదు.

"మా ఇంటి ఆచారమండి. పని ఎంత బాగా కుదిరినా కావాలని ఒక్క చోట ఒగ్గేత్తాం. ఆకుకి ఈనో, చిలక్కి కన్నో. లేపోతే దిష్టి కొట్టేత్తదండి. ఎక్కడ ఒగ్గేశామో ఇంటోళ్ళకి కూడా చెప్పం. ఆళ్ళూ అడగరు."

పరాంకుశంగారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ కళ్ళలో ఒక సర్క్యులర్ మెరుస్తోంది. వెంట వచ్చిన ఎనిమిది మందీ జేబుల్లోంచి పెన్నులు తీశారు.

"అంటే అసలైన గార పనికి గుర్తు అందం కాదు, లోపం," అన్నారాయన. "లోపమే ప్రామాణికత. రాసుకోండి."

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా సమస్త గృహ యజమానులకు తెలియజేయునది యేమనగా, పరంపరాగత లోపము లేని గార శిల్పములను నకిలీలుగా పరిగణించి తగు చర్య గైకొనబడును. ప్రతి గృహమునకు కనీసము ఒకటి, గరిష్ఠముగా మూడు లోపములు అనుమతించబడును. లోపము వీధి నుండి సుస్పష్టముగా కానవచ్చునట్లుండవలెను" అని దాని సారాంశం.

మర్నాటి నుంచి షావుకార్ల వీధిలో సుత్తుల చప్పుడు మొదలైంది. తాతముత్తాతల నాటి నుంచి చెక్కు చెదరని లతలకు ఆకులు తెగాయి, నెమళ్ళకు ముక్కులు పోయాయి. వీధి చివరి బియ్యం వర్తకుడు భయభక్తులు ఎక్కువైన మనిషి. ఎందుకైనా మంచిదని సింహం తల మొత్తం లేపేశాడు. ఆయనకు గరిష్ఠ పరిమితి దాటినందుకు నోటీసు వచ్చింది. తల తిరిగి పెట్టించి, చెవి మాత్రం తీయించవలసిందని అందులో ఉంది.

ఇదంతా చూసి బుచ్చిలింగం ముందు నవ్వుకున్నాడు. ఉత్తర్వులో ఎనిమిదో పేరా తనకోసమేనని తెలిశాక నవ్వు మానేశాడు. గార పని చేసే మేస్త్రులు మండలి గుర్తింపు కార్డు తీసుకోవాలి. ఏ గోడ మూయాలన్నా ముందుగా దానిలో వదలబోయే లోపానికి అనుమతి పొందాలి. అనుమతి లేకుండా తాపీ ఎత్తకూడదు.

మండలి ఆఫీసులో లోప పరిశీలనాధికారి అని కొత్త ఉద్యోగం ఒకటి ఏర్పడింది. అందులో కైలాసనాథం అనే యువకుడు కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. చదువుకున్న చదువు ఒకటి, దొరికిన ఉద్యోగం ఒకటి కావడంతో ఉద్యోగాన్ని చాలా శ్రద్ధగా చేస్తాడు. బుచ్చిలింగం కార్డు తీసుకుని, దరఖాస్తు ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రతిపాదిత లోపం ఎక్కడ అనే గడి ఖాళీగా ఉంచారే?" అన్నాడు కైలాసనాథం.

"ఎక్కడో నాకూ తెలీదండి. పనయ్యాక చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ."

"చెయ్యి ఎక్కడ ఆగుతుందో పని మొదలెట్టకముందే నిర్ణయించుకోవాలండి. లేకపోతే అది లోపం కాదు, పొరపాటు. పొరపాట్లు మా పరిధిలోకి రావు."

"పోనీ, కొత్త లతకి చివరాకు ఒగ్గేత్తాను. కానండి బాబూ, ఎక్కడో బయటికి చెప్తే దిష్టికి పనిచెయ్యదండి. గుట్టుగా ఉంచాల."

"తప్పకుండా గుట్టుగానే ఉంచుతాం. మూడు ప్రతులివ్వండి. నోటీసు బోర్డు మీద పెట్టి ప్రజాభ్యంతరాలకు పదిహేను రోజులు గడువిస్తాం."

అయిదు రోజులకే దరఖాస్తు తిరిగొచ్చింది. అభ్యంతరం ప్రజలది కాదు, ఆఫీసుది. మండలి స్ఫూర్తిని కాగితాలకు కూడా వర్తింపజేయాలని డైరెక్టరుగారు నిర్ణయించారు. ప్రతి ఫైల్లోనూ సంప్రదాయసిద్ధమైన తప్పు ఒకటి ఉండాలి. బుచ్చిలింగం దరఖాస్తులో ఒక్క తప్పూ లేనందువల్ల అది సందేహాస్పదంగా ఉన్నదట. పుట్టిన సంవత్సరం మార్చి రాసి ఇస్తే తీసుకున్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం మండలి సిబ్బందికి శిక్షణ అవసరం పడలేదని ఊళ్ళో చెప్పుకున్నారు.

రోహిణి కార్తె సగమైంది. తొట్లో సున్నం మగ్గుతోంది. ఊడదీసిన గోడ మీద మాణిక్యాంబ టార్పాలిన్ కప్పించింది. అది చారిత్రక దృశ్యాన్ని మరుగుపరుస్తున్నదని మండలి మనిషి వచ్చి తీయించి పట్టుకుపోయాడు.

ఇంతలో పరాంకుశంగారికి ఇంకో బాధ పట్టుకుంది. లోపాలు ఇంటికో తీరుగా ఉన్నాయి. ఒకరికి ముక్కు, ఒకరికి రెక్క, ఒకరికి తోక. ఇలా ఎవరికి తోచిన లోపం వాళ్ళు పెట్టుకుంటూ పోతే వారసత్వం గతేమిటి? ఒక ఉపసంఘం వేశారు. అది నాలుగు సార్లు సమావేశమై, ఉప్మా తిని, ఏకరూప లోపాన్ని ప్రతిపాదించింది. ఇకమీదట రేవులవరమంతటా లోపం ఒక్కటే: మూడో చిలక ఎడమ కన్ను. గుంట వెడల్పు సరిగ్గా పన్నెండు మిల్లీమీటర్లు.

"చిలకలు లేని ఇళ్ళ సంగతేమిటండి?" అని ఎవరో అడిగారు.

"చిలకలు పెట్టించుకోవాలి," అన్నారు పరాంకుశంగారు. "లేకపోతే కన్ను ఎలా తీస్తారు?"

రెండు చిలకలున్నవాళ్ళు మూడోది పెట్టించుకున్నారు. ఒక్క నెమలి మాత్రమే ఉన్న ప్లీడరుగారు కోర్టుకు వెళదామా అని ఆలోచించి, ఆ ఖర్చులో ఎన్ని చిలకలొస్తాయో లెక్కవేసుకుని, చిలకలకే వెళ్ళాడు. పట్నం నుంచి ఒక వ్యాను వచ్చింది. దాని నిండా ఫైబరు చిలకలు. మూడేసి చొప్పున కట్టలు కట్టి ఉన్నాయి. ప్రతి కట్టలోనూ మూడోది పుట్టుగుడ్డి.

ఏకరూప లోపం రాగానే బుచ్చిలింగానికి ప్రాణం లేచొచ్చింది. మాణిక్యాంబగారి గోడకు మూడో చిలక ఉండనే ఉంది, దానికి కన్ను లేకపోవడం కూడా ఉంది. ఈ చట్టానికంతటికీ తల్లి ఆ చిలకే. ఇక అనుమతికి అడ్డేమిటి? కైలాసనాథాన్ని వెంటపెట్టుకొచ్చి నిచ్చెన వేశాడు.

కైలాసనాథం ఎక్కాడు. ఇనప కొలబద్ద తీశాడు. గుంట కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. దిగులుగా కిందికి చూశాడు.

"పదమూడున్నర మిల్లీమీటర్లుందండి."

"మా తాత బొటనేలితో నొక్కాడండి. బొటనేలు అంతే ఉంటది మరి."

"మీ తాతగారు ప్రమాణాలు పాటించలేదు. పైగా ఇది కుడి కన్ను. లోపంలో రెండు లోపాలున్నాయండి. దీన్ని నేను ఆమోదించలేను."

"బాబూ, నా మాటినండి. నింగి చూశారా ఎట్టా ఉందో? ముందు గోడ మూసేత్తాను. తర్వాత మీరు ఎక్కడంటే అక్కడ, ఎన్ని కావాలంటే అన్ని కళ్ళు పీకేత్తాను."

"లోపం లేని గోడను మూస్తే అది పూర్తయిన గోడ అవుతుంది కదండీ," అన్నాడు కైలాసనాథం ఓపికగా. "పూర్తయిన గోడ నకిలీ. నా సంతకంతో నకిలీ గోడ లేచిందంటే నా ఉద్యోగం ఉంటుందా? సడలింపు కోసం అర్జీ పెట్టండి, డైరెక్టరుగారికి పంపుతాను."

బుచ్చిలింగం అర్జీ పెట్టాడు. అందులో ఒక తప్పు కూడా జాగ్రత్తగా రాశాడు. అర్జీ డైరెక్టరుగారి బల్ల మీదికి చేరిన రోజునే మృగశిర చేరింది.

మొదటి వానకు ఇటుకల మధ్య మట్టి కరిగింది. రెండో వానకు ఇటుకలు పళ్ళలా కదిలాయి. మూడో వాన మధ్యాహ్నం వడ్డన అయ్యాక, విస్తళ్ళు ఎత్తేశాక వచ్చింది. ఎవరికీ దెబ్బ తగలకపోవడం మాణిక్యాంబ చేసుకున్న అన్నదాన పుణ్యమనే అనుకోవాలి. సింహాలను, చిలకలను మోస్తున్న టేకు దూలం నిలబడింది. దాని కింద గోడ ఆరడుగుల పొడవున, నాలుగడుగుల ఎత్తున కుప్పకూలింది. జల్లు తిన్నగా హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి కొట్టింది. పొయ్యి ఆరిపోయింది.

బుచ్చిలింగం వచ్చేసరికి మాణిక్యాంబ తడిసిన బియ్యం బస్తా పక్కన కూర్చుని ఉంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడు.

"రాత్రికి విస్తళ్ళు ఎక్కడ వెయ్యను మేస్త్రీ?" అంది.

కార్తెలోపు మూస్తానన్నాడు, మూయలేదు. ఇచ్చిన మాట తప్పడం అతనికి ఇదే మొదలు. తలెత్తి ఆవిడను చూడలేక, వంగి ఇటుకలు ఏరుతూ కూర్చున్నాడు. చాలా సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే పరాంకుశంగారి జీపు వచ్చింది. కనీసం ఇప్పుడైనా జాలిపడి అనుమతిస్తారని ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. ఆయన జీపు దిగి, కంత ఎదురుగా నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇటు నుంచి చూశారు. లోపలికి వెళ్ళి అటు నుంచి చూశారు. కంతలోంచి, వెంట వచ్చి బయట నిలబడ్డ కైలాసనాథాన్ని చూశారు.

"అద్భుతం," అన్నారు. "ఇన్నాళ్ళూ మనం పన్నెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయాం. ఇది చూడండి. మానవ ప్రమేయం లేదు. ఉలి లేదు, సుత్తి లేదు. తనంత తానుగా ఆవిర్భవించిన లోపం. ఇంతటి లోపం మరే జిల్లాకూ లేదు."

"అయ్యా, అది కంతండి. వానొస్తుంది," అంది మాణిక్యాంబ.

"రానివ్వండి. వానే దాని శిల్పి."

మధ్యాహ్నానికల్లా కంత చుట్టూ తాడు కట్టారు. "సంరక్షిత లోపము. పూడ్చుట, తగ్గించుట శిక్షార్హము" అని బోర్డు పాతారు. వచ్చే గురువారం రాజధాని నుంచి పెద్దలు వచ్చి కంతను జాతికి అంకితం చేస్తారని ప్రకటించారు. పరంపరను నిలబెట్టినందుకు బుచ్చిలింగానికి జరీ అంచు శాలువా కప్పి, పూలదండ వేసి, ఫొటో తీశారు. చేసిన మంచి గోడలకు అతనికి ఎవరూ ఎన్నడూ శాలువా కప్పలేదు. కూలిన గోడకు కప్పారు. ఫొటోలో అతను ఏడుపు ఆపుకుంటున్నట్టు ఉంటే, ఆనందబాష్పాలని కింద రాశారు.

శని, ఆదివారాలు మండలికి సెలవు. వాన కూడా ఆ రెండు రోజులు తెరిపిచ్చింది. శనివారం తెల్లవారగానే బుచ్చిలింగం తొట్లోంచి సున్నం తీశాడు. చిక్కటి సున్నం వడగట్టడానికి గట్టి నేత గుడ్డ కావాలి. ఇంట్లో కొత్త శాలువా ఉంది. దాన్ని నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టాడు. మంచి నేత. రాళ్ళూ రప్పలూ అన్నీ పైనే ఆగిపోయాయి.

"మేస్త్రీ, బోర్డు మీద శిక్ష అని రాసుందయ్యా," అంది మాణిక్యాంబ నీళ్ళ బిందె అందిస్తూ.

"చదివానమ్మా. చదివేక దాన్ని తీసి ఇటికలు మోయడానికి వాడుకున్నాను. పలక బాగుంది."

రెండు రోజులు పొద్దు పొడిచిన దగ్గర నుంచి పొద్దు వాలేదాకా పనిచేశాడు. ఇటుకలు ఈసారి మట్టితో కాక సున్నంతో కట్టాడు. పైన గార పట్టించాడు. కోడిగుడ్డు సొన పూసి గులకరాయితో రుద్దితే గోడ పెంకులా నున్నగా తేలింది. కొత్త గార ఒక్కసారిగా ఎండకూ వానకూ గురికాకుండా తాటాకు తడిక కట్టాడు. ఆదివారం సాయంత్రం మాణిక్యాంబ పొయ్యి అంటించింది. బుచ్చిలింగానికి ఆ పొగ ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం.

సోమవారం పదిన్నరకు కైలాసనాథం వచ్చాడు. తడిక ఎత్తి చూశాడు. మొహం గోడకన్నా తెల్లబడింది. పరుగున పోలీసు స్టేషనుకు వెళ్ళి, హెడ్ కానిస్టేబుల్ జోగినాయుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. జోగినాయుడు ఆ హోటల్లో పదేళ్ళ ఖాతాదారు. అప్పటికి మధ్యాహ్నమైంది, బయట వాన మొదలైంది. లోపల ముప్పై మంది భోజనాలు చేస్తున్నారు. జోగినాయుడు కూడా విస్తరి ముందు కూర్చుని, మోకాలి మీద పుస్తకం పెట్టుకున్నాడు.

"పోయిన వస్తువేంటండి?"

"కంత," అన్నాడు కైలాసనాథం.

"కొలతలు?"

"ఆరడుగులు, నాలుగడుగులు."

"బరువు?"

కైలాసనాథం కొలబద్ద తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. జోగినాయుడు ఆ గడిలో గీత గీసి, "ఇలువ?" అన్నాడు.

"వెల కట్టలేనిది."

"ఎవరిమీదైనా అనుమానముందా?"

"నేనే తీశానండి," అన్నాడు బుచ్చిలింగం గుమ్మంలోంచి.

జోగినాయుడు అన్నం కలుపుతూ అతనివంక చూశాడు. "తీసి ఎక్కడెట్టావు?"

"ఎక్కడా ఎట్టలేదండి. మూసేశాను."

"చూడండి సారూ," అన్నాడు జోగినాయుడు కైలాసనాథంతో, "దొంగైతే దొరికాడు. సొత్తు లేకుండా దొంగనొక్కణ్ణే పట్టుకుపోతే మా ఎస్సైగారు నన్ను ఏసుకుంటారు. పోయినకాడికి కంత తెచ్చి నాకు అప్పజెప్పండి, పంచనామా చేసేత్తాను. కూకోండి ఈలోపల, పప్పు చల్లారిపోతంది."

పంచనామా జరగలేదు. కైలాసనాథం కూర్చోలేదు. గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. చొక్కా ఎక్కడా తడవలేదు. ఆ సంగతి అప్పటికి అతను గమనించాడో లేదో తెలియదు.

పెద్దల పర్యటన రద్దయింది. మూడో రోజు మండలి అత్యవసరంగా సమావేశమై తీర్మానం చేసింది. "మేస్త్రి బుచ్చిలింగం గోడలను సంపూర్ణముగా మూయు దురలవాటు కలవాడని రుజువైనందున అతని గుర్తింపు రద్దుచేయడమైనది. గుర్తింపు గల మేస్త్రులు మాత్రమే లోప నియమములకు బద్ధులై పనిచేయుదురు." ఈ సంగతి ఊరంతటికీ తెలియాలని పెద్ద అక్షరాలతో అచ్చువేయించి, షావుకార్ల వీధిలో ప్రతి గోడకూ అంటించారు. బుచ్చిలింగం ఆఫీసుకు వెళ్ళి కార్డు అప్పజెప్పి, అప్పజెప్పినట్టు రసీదు తీసుకుని ఇంటికొచ్చాడు. కార్డు పోయినందుకు కాదు గానీ, ఇక చేతికి పని ఉండదేమోనని దిగులుపడ్డాడు.

ఆ సాయంత్రం అతని అరుగు మీద పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ఫైబరు చిలకలు తగిలించడానికి కొట్టిన మేకుల బెజ్జాల్లోంచి ఒకరికి, తీసిన కళ్ళలోంచి ఒకరికి, తెగిన లతల్లోంచి ఇంకొకరికి గోడలు కారుతున్నాయి. చిలకల గిరాకీ చూసి సిమెంటు మేస్త్రులందరూ గుర్తింపు కార్డులు తీసుకున్నారు; వాళ్ళలో ఎవరిని పిలిచినా ఎక్కడో ఒకచోట కంత వదలక తప్పదు. తీర్మానం ప్రకారం ఆ నియమాలు అంటని, గుర్తింపు లేని మేస్త్రి ఊరంతటికీ ఒక్కడే. ప్లీడరుగారు ముందుకొచ్చి, గోడ మీద నుంచి చింపి తెచ్చిన తీర్మానం చూపించి, "ఇందులో రాసింది నిజమేనా మేస్త్రీ?" అని అడిగాడు.

"నిజమేనండి."

"అయితే రేపు మా ఇంటికి రా."

అందరితోనూ మాట్లాడి పంపేసరికి వాన అందుకుంది. బుచ్చిలింగం లోపలికి వెళ్ళబోతుండగా, గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని ఇంకొకాయన అరుగెక్కాడు. గొడుగు దించాడు. కైలాసనాథం.

"కేసు కాదండి," అన్నాడు అటూ ఇటూ చూసి. "ఇంటి పని. పడగ్గది గోడ. మా ఆవిడ, పసిపిల్ల మూడు రోజులుగా వంటింట్లో పడుకుంటున్నారు. ఆ గోడలో లోపం ఆమోదిస్తూ సంతకం పెట్టింది నేనే. నీళ్ళు దాంట్లోంచే వస్తున్నాయి."

బుచ్చిలింగం పక్కకు జరిగి కూర్చోమన్నాడు. అతను కూర్చోలేదు.

"మీ గుర్తింపు పూర్తిగా రద్దయినట్టేగా? అప్పీలు గట్రా ఏమీ పెట్టలేదు కదా?"

"లేదండి."

"కార్డు అప్పజెప్పిన రసీదుందా?"

బుచ్చిలింగం జేబులోంచి రసీదు తీసి ఇచ్చాడు. కైలాసనాథం దాన్ని వీధి దీపం వైపు పట్టి, తేదీ, సంతకం, ముద్ర ఒకదాని తర్వాత ఒకటి చూసుకున్నాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. గట్టిగా ఊపిరి వదిలి రసీదు తిరిగి ఇచ్చాడు.

"రేపు పొద్దున్నే వచ్చెయ్యండి," అన్నాడు. "ఎక్కడా ఏమీ వదలకండి."